ఒక్కరికే చోటు

మా వంటింటి వెనక తలుపు పక్కన, పవిత్రజలం గిన్నె కింద ఒక మేకుంది. దానికి మఠం తాళంచెవి వేలాడుతుంది. జానెడు పొడవు, పాత ఇనుము. మఠానికి కప్పు లేదు, కిటికీలు లేవు, అందులో సన్యాసులు లేక నాలుగు వందల ఏళ్లయింది. అయినా గేటుకు తాళముంది. తాళంచెవి డర్కన్ వారింట్లో అడగండి అని గేటు మీద బోర్డూ ఉంది. ఆ డర్కన్ వారిల్లు మాదే. మా అమ్మ పుట్టిల్లు. నాన్న ఇల్లరికం వచ్చాడు. ఆయన సొంత ఊరు సరస్సుకు అవతల, పట్టుమని పది మైళ్లు లేదు. వచ్చి అరవై ఏళ్లయినా కిల్‌వారాలో ఆయన్ని ఇంకా అవతలి గట్టువాడనే అంటారు.

తాళంచెవి అడగడానికి జనం సరిగ్గా మేం కంచాల ముందు కూర్చున్నప్పుడే వస్తారు. బోస్టన్ నుంచి, టొరంటో నుంచి, మెల్‌బోర్న్ నుంచి. చేతిలో ఒక కాగితం, అందులో ఒక పేరు. వాళ్ల ముత్తాత తల్లి ఇక్కడే జ్ఞానస్నానం పొందిందట, ఇక్కడే పోయిందట, ఆవిడ సమాధి చూపించాలట. ఏం చూపించను? మఠం సమాధుల తోటలో వందేళ్లు దాటిన సమాధుల మీద పేర్లుండవు. పొలంలో దొరికిన రాయొకటి తల దగ్గర పాతేవారు, అంతే. ఏ రాయి ఎవరిదో ఆ ఇంటివాళ్లకే తెలుసు. ఆ ఇంటివాళ్లు ఓడెక్కి పోయాక ఎవరికీ తెలియదు. పదేళ్ల వయసు నుంచి ఈ తాళం తీస్తున్నాను, ఇప్పుడు యాభై ఏడు. నిజం చెప్పాలంటే విసుగొచ్చేసింది.

ఆ ఏడు వసంతంలో డాక్టరు నాన్న గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, క్రిస్మస్ దాకా లాగడం కష్టం డింప్నా అని నాతో అన్నాడు. నాన్న మంచాన్ని కిందికి, వీధివైపు గదిలోకి దింపాం. పొద్దున్నే ఆయనకు స్నానం, మాత్రలు, తర్వాత బడి వంటగదిలో నా పని, మధ్యాహ్నం మళ్లీ ఆయన. లొరెట్టా అనే ఆవిడ మా తలుపు తట్టింది ఆ మే నెల మొదటి వారంలోనే.

డెబ్భై నాలుగేళ్ల మనిషి. పొడుగ్గా, తెల్లటి బూట్లతో, చంకలో ఒక మూట పెట్టుకుని ఉంది. మూటకు చుట్టింది మగవాళ్ల పాత కోటు. నేను ఎప్పటిలాగే కాగితం కోసం చెయ్యి చాపాను. కాగితం లేదంది. దారి తెలుసు, తాళం తీస్తే చాలంది.

గేటు తీశాను. ఆవిడ ఎటూ చూడకుండా నేరుగా లోపలికి నడిచి, ఎడమచేతివైపు మూడో సమాధి దగ్గర ఆగింది. అది మా అమ్మది.

"లెన్, వచ్చేశాం," అంది మూటతో.

పొరపాటు పడిందనుకున్నాను. ఆవిడ చేతిసంచీలోంచి ఒక ఫోటో తీసి ఇచ్చింది. అదే చోటు. అమ్మ పేరున్న రాతి శిలువ అప్పటికి లేదు, దాని వెనక మా వాళ్ల పాత రాయి మాత్రం ఉంది. రాయి పక్కన ఒక లావుపాటి మనిషి, వానలో తడిసి ముద్దై, ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఒంటి మీద మా నాన్న కోటు. మోచేతి దగ్గర అమ్మ వేసిన మాసిక కూడా కనబడుతోంది.

ఆ మనిషి పేరు లెనర్డ్ డర్కన్. లొరెట్టాకు తమ్ముడు. పదిహేనేళ్ల కిందట ఒక్కడే వచ్చాడట. మలాకీ అనే పెద్దాయన, అంటే మా నాన్న, తాళం తీసి, ఇదేనయ్యా మీ ముత్తవ్వ సమాధి అని చూపించాడట. వాన పెద్దదైతే తన ఒంటి మీది కోటు విప్పి కప్పాడట. ఆ కథ పెన్సిల్వేనియాలో వాళ్ల వీధి వీధంతా విన్నదట. లెనర్డ్ ఫిబ్రవరిలో పోయాడు. పోయేముందు ఒక్కటే కోరాడు, తనను అక్కడ పెట్టమని. ఆ కోటు చుట్టిన మూటలో ఉన్నది అతని బూడిద.

లొరెట్టా అమ్మ శిలువ మీది పేరు వేలితో తడిమి చదివింది. ఆనర్ డర్కన్. "మధ్యలో మనవాళ్లు ఇంకొకరొచ్చి చేరారన్నమాట," అంది. "అంటే నువ్వూ నేనూ చుట్టాలమేగా?"

ఊరు సగం డర్కన్లే. ఆవిడ అప్పటికే గడ్డి మీద చతికిలబడి, మూటను ఒళ్లో పెట్టుకుని, బూట్లు విప్పుకుంటోంది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

నాన్నకు మాత్రం ఆ పూటే చెప్పాను. ఆయన సూపులో చెంచా తిప్పాడు.

"వాన కురుస్తోందే అమ్మాయ్," అన్నాడు చివరికి. "అప్పటికే మూడు ఊళ్లు తిరిగొచ్చాడు. మూడు చోట్లా తెలీదు పొమ్మన్నారు. నా ముందు నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. మీ అమ్మేమో భోజనానికి రమ్మని గుమ్మంలోంచి కేకేస్తోంది. గేటుకు దగ్గరగా ఉంది మనదే. ఏం చెయ్యమంటావ్?"

"కోటు కూడా ఇచ్చావు."

"అది తిరిగిస్తాడనుకున్నాను."

ఆ సమాధిలో ఇక ఒక్కరికే చోటుంది. అమ్మను పెట్టిన రోజు ఫెస్టస్ చెప్పాడు. ఫెస్టస్ మా పక్కింటివాడు, ఊళ్లో ఎవరు పోయినా గొయ్యి తవ్వేవాళ్లలో ముందుండేది అతనే. అమ్మ పక్కన ఇనపకడ్డీ నేలలోకి దించి చూసి, లోతు లేదు, కింద బండ ఉంది మలాకీ బాబాయ్, ఈ పక్కన ఇంకొక్కరు, అంతే అన్నాడు. ఆ ఒక్కరూ నాన్న. మఠం తోటలో కొత్త సమాధులు కౌన్సిల్ వాళ్లు ఎప్పుడో ఆపేశారు. సొంత సమాధి ఉన్నవాళ్లకే చోటు, లేనివాళ్లకు రోడ్డు పక్కన కంకర పోసిన కొత్త తోట. కాబట్టి అది లొరెట్టా వాళ్లది కాదని తేలితే, లెనర్డ్‌కు మఠం తోటలో చోటే లేదు. తేలకపోతే మా అమ్మ పక్కన ముందుగా వెళ్లి పడుకునేది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి.

"బూడిదే కదా, ఎంత చోటు పడుతుంది," అన్నాను, ఆయన ఏమంటాడో చూద్దామని.

"కాల్చేశారా మనిషిని?" నాన్న చెంచా కింద పెట్టేశాడు, మా ఊళ్లో పాతిపెట్టడమే తప్ప కాల్చడం లేదు. "అతన్ని ఇప్పుడు ఆ చోట్లోనే పైపైన పెడతారు. నాలుగు నెలల్లో నాకోసం మళ్లీ తవ్వుతారు. ఫెస్టస్ అతన్ని పారతో ఎత్తి పక్కన పోసి, నన్ను దింపి, మళ్లీ అతన్ని పోస్తాడా? అదేమన్నా పద్ధతా? వద్దు. ఆవిడకి చెప్పెయ్."

"నువ్వు చెప్పు. అబద్ధం నీది."

అక్కడితో ఆ మాట ఆగిపోయింది. మే నెలంతా ఆగిపోయింది, జూన్ కూడా.

లొరెట్టా సరస్సు ఒడ్డున ఒక కుటీరం జులై చివరిదాకా అద్దెకు తీసుకుంది. జులై ఆఖరి ఆదివారం మాకు సమాధుల ఆదివారం. ఆ రోజు ఊరందరూ ఎవరి సమాధి దగ్గర వాళ్లు నిలబడితే, తోట మధ్యలో పూజ జరుగుతుంది, తర్వాత ఫాదర్ ఒక్కో సమాధి మీదా పవిత్రజలం చల్లుతాడు. ఆ రోజే లెనర్డ్‌ను పెట్టాలని ఆవిడ నిర్ణయం. ఈలోగా తమ పూర్వీకులు మోకరిల్లిన ప్రతిచోటా తనూ మోకరిల్లాలట. తిప్పేదెవరు? కారున్నది నాకు. పైగా చుట్టాన్ని.

తిప్పాను. మా పూజలు నిషేధించిన కాలంలో జనం దొంగచాటుగా వాటిని చేసుకున్న బండ దగ్గరికి, మోకాలి లోతు బురదలో. జ్ఞానస్నానపు తొట్టి ఒక్కటే మిగిలిన చర్చికి, ఆ తొట్టిలోంచి గొర్రెలు నీళ్లు తాగుతుంటే. పాత రిజిస్టర్లు చూడ్డానికి పట్నానికి రెండుసార్లు. అక్కడ కాగితం మీద అందరివీ అవే నాలుగు పేర్లు, ఏ డర్కన్ ఏ డర్కనో చెప్పడం దేవుడి వల్ల కూడా కాదు. ప్రతిచోటా ఆవిడ మూటను వెంట తెచ్చుకునేది, సీటు బెల్టు పెట్టేది. నేను స్టీరింగు ముందు కూర్చుని, ఇంటి దగ్గర నాన్న మాత్ర వేసుకున్నాడో లేదో అనుకుంటూ, అద్దం మీది వాన చూస్తూ ఉండేదాన్ని. ఒళ్లంతా పచ్చిపుండులా ఉండేది.

కెరన్ పునీతుని బావి దగ్గర మాత్రం కారు దిగక తప్పలేదు. ఆ బావి చుట్టూ ఏడు ప్రదక్షిణలు చెయ్యాలి. ఏడు గులకరాళ్లు చేత్తో పట్టుకుని, చుట్టుకొకటి చొప్పున గట్టు మీద పెట్టాలి. లొరెట్టా నాలుగో చుట్టు కాగానే మోకాళ్లు పట్టేసి ఆగిపోయింది. మిగతా మూడు రాళ్లు నా చేతిలో పెట్టి, తమ్ముడి కోసం నన్ను తిరగమంది. తిరిగాను. అబద్ధం కడుపులో పెట్టుకుని పునీతుని బావి చుట్టూ తిరిగితే ఏమవుతుందో నాకు తెలియదు. మూడో రాయి పెట్టేసరికి మాత్రం ఏడుపొచ్చింది. చెమటనుకుని లొరెట్టా చేతిరుమాలు ఇచ్చింది.

గట్టు మీద కూర్చుని తమ్ముడి గురించి చెప్పింది. బస్సులు రిపేరు చేసేవాడు. పెళ్లి చేసుకోలేదు, అక్క దగ్గరే ఉన్నాడు. ఎవరింటికి వెళ్లినా కుర్చీ అంచు మీదే కూర్చునేవాడు, ఇప్పుడే లేచిపోయేవాడిలా. ఆస్పత్రిలో మంచం పక్కన ఆ ఫోటో పెట్టుకుని, వచ్చిన ప్రతి నర్సుకూ చూపించేవాడు.

"ఇది నా చోటు అనేవాడు. వాడు నాది అన్న వస్తువు ఇంకేదీ నాకు గుర్తులేదు డింప్నా," అంది.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. థర్మాస్‌లో టీ ఇంకా ఉందా అని అడిగాను.

నాన్న సంగతి మరీ అన్యాయం. ఆవిడ కారు చప్పుడైతే చాలు, కళ్లు మూసుకుని గురక మొదలుపెట్టేవాడు. ఆవిడ మంచం పక్కన కాసేపు కూర్చునేది. తమ్ముడికి కోటిచ్చిన మనిషి మొహంలోకి చూసి, దుప్పటి సర్ది, ఆపిల్ కేకు పెట్టి వెళ్లిపోయేది. కారు మలుపు తిరగ్గానే ఆయన లేచి కేకు తినేవాడు. అలా నాలుగైదు సార్లయ్యాక ఒకరోజు కేకు ముట్టలేదు.

"మంచి మనిషే," అన్నాడు గోడవైపు తిరిగి.

జులైలో లొరెట్టా నన్ను పట్నంలో రాళ్లు చెక్కే అతని దగ్గరికి తీసుకెళ్లింది. రాయి సిద్ధంగా ఉంది. లెనర్డ్ డర్కన్, ఇంటికి వచ్చాడు అని చెక్కించింది. కింద తన కోసం ఖాళీ వదిలించింది. సోమవారం పాతించేద్దామా అంది. నేల ఇంకా తడిగా ఉంది, ఆదివారం పూజ అయ్యాక చూద్దాం అన్నాను. ఆ వేసవి మొత్తంలో అంత ఎండ ఇంకెన్నడూ కాయలేదు. దారి పొడవునా నేల నెర్రెలిచ్చి ఉంది. ఆవిడ సరేనంది. నా మాట మీద ఆవిడకు అంత నమ్మకం. ఇంటికొచ్చి నాన్న ముందు నిలబడి, నువ్వు చెప్పింది ఒక్క అబద్ధం, దాన్ని కాపాడ్డానికి నేను రోజుకొకటి చెబుతున్నాను, నా వల్ల కాదు అని అరిచాను. ఆయన మీద గొంతెత్తడం అదే మొదటిసారి. ఆయన గురక నటించలేదు.

"ఆదివారం నన్ను తీసుకెళ్లు," అన్నాడు.

సమాధుల ఆదివారం నాడు ఎండ, కొంచెం గాలి. వారం ముందు నుంచే ఊరు ఊరంతా గడ్డి కోసి, గులకరాళ్లు కడిగి, పూలు పెట్టి ఉంచింది. నేను చక్రాల కుర్చీ నెట్టుకుంటూ గేటు దాటేసరికి అందరూ ఎవరి చోట్లలో వాళ్లు నిలబడి ఉన్నారు. లొరెట్టా మా చోట్లో నిలబడి ఉంది. నీలం కోటు, తలకు గుడ్డ, చేతుల్లో మూట. ఆ రోజు ఎవరు ఎక్కడ నిలబడితే అది వాళ్లదని లెక్క. ఇన్ని కళ్ల ముందు ఆ కాస్త దూరం నడవడం ఎలాంటిదో చెప్పలేను. ఫెస్టస్ తన తండ్రి సమాధి దగ్గర నుంచి మమ్మల్ని, ఆవిణ్ని, మళ్లీ మమ్మల్ని చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

నాన్నను చూసి లొరెట్టా మొహం వెలిగింది. మేలుకొని ఉండగా ఆయన్ని చూడటం ఆవిడకు అదే మొదలు. పక్కకు జరిగి చోటిచ్చింది. మా అమ్మ పక్కన, మాకు, చోటు.

నాన్న కుర్చీకి బ్రేకు వెయ్యమన్నాడు. టోపీ తీశాడు.

"ఇది మీవాళ్లది కాదమ్మా," అన్నాడు. "ఇది నా భార్యది, ఆమె పుట్టింటివాళ్లది. మీ తమ్ముడికి నేను అబద్ధం చెప్పాను."

లొరెట్టా నా వైపు చూసింది. నేను తలదించుకున్నాను. అందులోనే ఆవిడకు మిగతాదంతా తెలిసిపోయి ఉంటుంది.

"ఎందుకు?" అంది.

"వాన పడుతోంది. అతను ఏడుస్తున్నాడు. నాకు ఆకలేస్తోంది. ఇంకే కారణమూ లేదు."

"మరి మావాళ్లెక్కడున్నారు?"

నాన్న చేతికర్ర ఎత్తి ఉత్తరపు గోడవైపు చూపించాడు. అక్కడ దురదగొండి మొక్కల్లో పేరులేని రాళ్లు, వందో నూట యాభయ్యో. వాటి దగ్గర ఆ రోజు ఒక్క మనిషీ లేడు.

"అక్కడి నుంచి గోడ దాకా," అన్నాడు. "వాటిల్లో ఏదో ఒకటి. ఏదో నాకు తెలీదు. అప్పుడూ తెలీదు."

అప్పటికే గంట మోగింది. పూజ మొదలయ్యాక మధ్యలో కదిలే మనిషి కాదు లొరెట్టా. అక్కడే, మా సమాధి మీదే, ముప్పావుగంట నిలబడింది. జపమాల వేళ్ల మధ్య ఆగిపోయి ఉంది, ఒక్క పూసా కదల్లేదు. నైజీరియా నుంచి కొత్తగా వచ్చిన ఫాదర్ జనం మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, ఎవరు ఎవరో తెలియక, మా అందరి మీదా పవిత్రజలం చల్లాడు. మూట మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి.

పూజ అయిపోయింది. ఆవిడ వంగి, మూటను నాన్న ఒళ్లో పెట్టింది.

"చెప్పింది మీరు," అంది. "ఇక మీరే చూసుకోండి."

తెల్లటి బూట్లతో గేటువైపు వెళ్లిపోయింది. నేను వెనకాల పరిగెత్తబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. మర్నాడు కుటీరానికి వెళ్తే తాళం వేసుంది. తెల్లవారుజామునే విమానానికి వెళ్లిందని దాని యజమాని చెప్పి, ఆవిడ ఫోన్ నెంబరు రాసిచ్చాడు. ఆ కాగితం తాళంచెవి మేకుకే గుచ్చాను. ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లలేదు.

మూటను నాన్న గది కిటికీలో పెట్టాను. మొదటి వారం ఆయన అటు చూడలేదు. రెండో వారం దాని మీద ఎండ పడుతోంది, పరదా కొంచెం లాగమన్నాడు. ఆ తర్వాత రేడియో మొదలైంది.

మా జిల్లా రేడియోలో రోజూ పొద్దున తొమ్మిదింటికి ఎవరెవరు పోయారో చదువుతారు. పేరు, ఊరు, పూజ ఎప్పుడు, ఇంటికి ఎప్పుడు రావచ్చు అనేది. ముసలివాళ్లు అది వినకుండా టీ కూడా ముట్టరు. ఆగస్టులో ఒక పొద్దున గంజి పట్టుకెళ్తే గదిలోంచి నాన్న మాటలు వినబడ్డాయి. రేడియోలో ఎవరి పేరో రాగానే ఆపి, కిటికీవైపు తిరిగి చెబుతున్నాడు: ఇతను పోస్ట్‌మాన్‌గా చేసేవాడు, కుక్కలంటే భయం, ఉత్తరాలు గోడ మీదనుంచి విసిరేవాడు.

"ఎవరితో నాన్నా?"

"అతనికి ఇక్కడివాళ్లెవరూ తెలీదుగా," అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

అప్పటి నుంచి రోజూ అదే. లెనర్డ్‌కు మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ల మంచీ చెడ్డా తెలిసిపోయాయి. ఎవరి గొర్రెలు ఎవరి చేలో పడ్డాయి, ఎవరు ఎవరితో పదకొండేళ్లు మాట్లాడలేదు, అన్నీ. నేను గుమ్మంలో నిలబడి వినేదాన్ని. చిన్నప్పుడు నాకు ఇన్ని కబుర్లు చెప్పలేదు. అసూయ కూడా పడ్డాను, దాచడమెందుకు.

సెప్టెంబరు చివర్లో ఆయన పక్క మీంచి లేవడం మానేశాడు. ఒక మధ్యాహ్నం గడ్డం గీస్తుంటే నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"నన్ను పెట్టెలో పెట్టాక ఇతన్ని నా పక్కన సర్దు," అన్నాడు. "ఫెస్టస్ ఒక్కరికే చోటన్నాడు. ఒక్క పెట్టే దిగుతుంది. ఎవర్నీ పారతో ఎత్తక్కర్లేదు."

నాకు కోపం వచ్చింది. చేతిలో కత్తి ఉందని పక్కన పెట్టాను. అది మా అమ్మ పక్క చోటు. ఆరేళ్లుగా ఆ గడ్డి కోస్తున్నది నేను. ముక్కూ మొహం తెలియనివాణ్ని అక్కడ పెడితే అమ్మేమనుకుంటుందని అడిగాను.

"మీ అమ్మా?" నాన్న సబ్బు నురగలోంచి నవ్వాడు. "నేను ఇల్లరికం వచ్చిన రోజు నా మొహం కూడా ఎవరికీ తెలీదు. ఒక పెట్టె, ఒక కోటు, అంతే నా ఆస్తి. మీ తాత మూడేళ్లు నన్ను పేరు పెట్టి పిలవలేదు. మీ అమ్మే బల్ల దగ్గర కాస్త జరిగి, కూర్చో అంది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడూ జరుగుతుందిలే."

మిగతా సగం గడ్డం గీశాను. సరేనని నేను అనలేదు. ఆయన మళ్లీ అడగలేదు.

అక్టోబరు రెండో వారంలో పోయాడు, పొద్దున, రేడియోకి కొంచెం ముందు. మర్నాడు అదే రేడియోలో ఆయన పేరు చదివారు: మలాకీ, కిల్‌వారా, పూర్వం సరస్సు అవతలి గట్టు. పక్కన కిటికీలో ఉన్నవాడికి ఆ పేరు గురించి చెప్పేవాళ్లు లేక, నేనే రేడియో ఆపాను. ఈయన కోటిచ్చినవాడు అన్నాను. బయటికే అన్నాను. ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

రెండు రోజులు ఇల్లు నిండా జనం. టీ, హామ్ శాండ్‌విచ్‌లు, అరువు తెచ్చిన కుర్చీలు. మూతవేసే ముందు ఇంటివాళ్లను వదిలి అందరూ బయటికి వెళ్తారు. ఇంటివాళ్లంటే నేనొక్కదాన్నే. మూత పట్టడానికి ఫెస్టస్ ఉన్నాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్లి మూట తీసుకున్నాను. రెండున్నర నెలలుగా ఎండ తగిలి కోటు ఒకవైపు వెలిసిపోయింది. నాన్న ఎడమచెయ్యి కొంచెం ఎత్తి, చెయ్యికీ పక్కకూ మధ్య మూటను సర్దాను. సరిగ్గా పట్టింది. అమ్మ వేసిన మాసిక పైకి వచ్చేలా మడత తిప్పాను.

ఫెస్టస్ అంతా చూశాడు. సమాధుల ఆదివారం నాడు చూసిందీ మరిచిపోయి ఉండడు.

"మలాకీ బాబాయ్‌కి చలి పడదు," అన్నాడు. "కోటుండటం మంచిదే."

మూత బిగించాడు.

వానలో తీసుకెళ్లాం. గేటు తాళం నేనే తీశాను. పెట్టె దిగింది, బండకు తగిలి ఆగింది, ఫెస్టస్ చెప్పినంత చోటే ఉంది, పైన ఇంక రెండు మూరల మట్టి.

రెండు రోజులాగి, మేకు మీంచి ఆ కాగితం తీసి ఫోన్ చేశాను. లొరెట్టా ఎత్తింది. నేను డింప్నాను అన్నాను. పెట్టేస్తుందేమోనని గబగబా చెప్పేశాను: నాన్న పోయాడని, మీ తమ్ముణ్ని తన పక్కనే పెట్టమన్నాడని, పెట్టానని, కోటు విప్పలేదని. రేడియో సంగతి కూడా చెప్పాను. రాయి పట్నంలోనే ఉంది, పాతించమంటే పాతిస్తాను, అమ్మ శిలువ పక్కన పడుతుంది అన్నాను.

ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు.

"వాన పడిందా?" అంది.

"పడింది."

"పోనీలే," అంది లొరెట్టా. "కోటుందిగా ఇద్దరికీ."